పెళ్లి డిస్కు కాపీ కానప్పుడు: పాత వీసీడీలు, డీవీడీలను కంప్యూటర్‌లోకి దించుకునేందుకు సమగ్ర మార్గదర్శి

మీ బీరువాలో పట్టుచీరల కింద పెళ్లి డిస్కు ఉంటే దాన్ని ఈ వారమే బయటికి తీయండి. పెళ్లి సింహాచలం కొండమీద జరిగినా, గాజువాక కల్యాణమండపంలో జరిగినా, ఆ వీడియో చాలా ఇళ్లలో ఒకే ఒక్క డిస్కు మీద మిగిలి ఉంది. అందులో ఇప్పుడు లేని తాతయ్య నడుస్తూ కనిపిస్తారు, అమ్మమ్మ గొంతు వినిపిస్తుంది. స్టూడియోలో రికార్డు చేసిన డిస్కుల్లో సమాచారం ఉండేది ఒక సేంద్రియ రంగు పొర మీద. వెలుతురు, వేడి, తేమ మూడూ దానికి పడవు. విశాఖలో, అందునా పెదవాల్తేరు, లాసన్స్ బే వంటి సముద్రం పక్క పేటల్లో ఏడాది పొడవునా తేమే. డిస్కు పైకి కొత్తగా మెరుస్తున్నా లోపల పొర మసకబారి ఉండవచ్చు.

కాపీ మధ్యలో ఆగిపోగానే చాలామంది ఇంకో సాఫ్ట్‌వేర్ దించుకుని మళ్లీ ప్రయత్నిస్తారు. అదీ ఆగిపోతే మరొకటి. గంటలు పోతాయి, డ్రైవు అరుగుతుంది, లోపం ఎక్కడుందో మాత్రం తెలియదు. ఈ వరుసను తిరగేయమని నా విన్నపం. లోపం డిస్కుదా, డ్రైవుదా, ప్రోగ్రాముదా అన్నది మొదట తేల్చండి. ఆ తర్వాత డిస్కు మొత్తాన్ని ఉన్నదున్నట్టుగా ఒకే ఇమేజ్ ఫైలుగా దించండి. మార్పిడి, కత్తిరింపు, ఫోనుకు పంపడం వంటి పనులన్నీ ఆ ఫైలు మీదే చేసుకోవచ్చు, డిస్కును మళ్లీ ముట్టనక్కర్లేదు. కింద చెప్పిన అడుగులన్నీ ఈ క్రమంలోనే ఉన్నాయి.

ముందు అది ఏ డిస్కో చూడండి

డిస్కును డ్రైవులో పెట్టి, వీడియో ఆడించకుండా, లోపలి ఫోల్డర్లు తెరవండి. ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డరు, అందులో డాట్ అనే తోకతో పెద్ద ఫైళ్లు కనిపిస్తే అది వీసీడీ. వీడియో టీఎస్ అనే ఫోల్డరు ఉండి, అందులో వీఓబీ, ఐఎఫ్‌ఓ, బీయూపీ ఫైళ్లు ఉంటే డీవీడీ. ఈ రెండూ కాక ఏవీఐ, ఎంపీ4 వంటి ఫైళ్లు నేరుగా ఉంటే అది మామూలు డేటా డిస్కు. దాన్ని కాపీ చేసి అతికించుకుంటే చాలు.

వీసీడీ ఉన్నవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఎక్కువ ఇళ్లలో తికమక పెట్టేది ఇదే. డిస్కు మీద సమాచారాన్ని సెక్టార్లు అనే చిన్న గడులుగా రాస్తారు. మామూలు డేటా సీడీలో ఒక్కో సెక్టారుకు 2048 బైట్ల సమాచారం ఉంటుంది, మిగిలిన చోటులో దోషాల్ని సరిదిద్దే అదనపు సంకేతాలు ఉంటాయి. 1993లో వచ్చిన వీసీడీ ప్రమాణం వీడియో సెక్టార్లలో ఆ అదనపు సంకేతాల్ని వదులుకుని 2324 బైట్ల వీడియోను నింపింది. 700 ఎంబీ సీడీలో 800 ఎంబీ దాకా వీడియో పట్టడానికి కారణం అదే. దీనివల్ల రెండు చిక్కులు వచ్చాయి. ఒకటి, చిన్న గీత పడినా సరిదిద్దుకునే శక్తి వీసీడీకి తక్కువ. రెండు, 2048 బైట్ల లెక్కతో పనిచేసే ఐఎస్ఓ ఇమేజ్‌లో వీసీడీ ఇమడదు. డిస్కు శుభ్రంగా ఉన్నా ఐఎస్ఓగా దించబోతే ప్రోగ్రాము దోషం చూపిస్తుంది, లేదా ఆడని ఫైలు చేతికిస్తుంది. వీసీడీని బిన్, క్యూ అనే జంట ఫైళ్లుగానే దించాలి. ఈ ఒక్క సంగతి తెలియక, ఏ లోపమూ లేని డిస్కులను పాడైపోయాయనుకుని పారేసేవారున్నారు. అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

లోపం ఎవరిది?

తెర మీద వచ్చిన దోష సందేశాన్ని మూసేయకండి, ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. విండోస్‌లో ఫైలు కాపీ చేస్తుంటే 'సైక్లిక్ రిడండెన్సీ చెక్' అని గాని, 80070017తో ముగిసే సంఖ్య గాని వస్తే, డిస్కు నుంచి చదివిన సమాచారం దాని తనిఖీ లెక్కతో సరిపోలేదని అర్థం. ఇమేజ్ దించే ప్రోగ్రాములు ఇంకొంచెం వివరంగా చెబుతాయి. 'మీడియం ఎర్రర్' అంటే డిస్కు ఉపరితలం చదవడానికి లొంగడం లేదు. 'హార్డ్‌వేర్ ఎర్రర్' అంటే డ్రైవు మీద అనుమానం. 'నాట్ రెడీ' అంటే డ్రైవు డిస్కును ఇంకా గుర్తించలేదు. 'ఇల్లీగల్ రిక్వెస్ట్' అంటే అడిగిన పని ఈ డిస్కు మీద కుదరదని డ్రైవు తిరస్కరించింది: కాపీ తాళం ఉన్న సినిమా డిస్కు, రీజియన్ (డిస్కు ఏ దేశాల కోసమో చెప్పే సంఖ్య) తేడా, తప్పు పద్ధతిలో చదవబోయిన వీసీడీ ఇందులోకి వస్తాయి. ఈ నాలుగూ డ్రైవే కంప్యూటర్‌కు ఇచ్చే జవాబులు. మీడియం ఎర్రర్ వచ్చినప్పుడు కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నా అదే జవాబు వస్తుంది, మాటలు మాత్రమే మారతాయి.

తర్వాత రెండు పరీక్షలు చేయండి. బాగా ఆడుతుందని తెలిసిన ఇంకో డిస్కును ఇదే డ్రైవులో పెట్టి చూడండి. మొరాయిస్తున్న డిస్కును వేరే డ్రైవులో పెట్టి చూడండి. మొదటి పరీక్షలో మాత్రం సీడీకి సీడీనే, డీవీడీకి డీవీడీనే వాడాలి. సీడీని చదివే లేజరు తరంగదైర్ఘ్యం 780 నానోమీటర్లు, డీవీడీకి 650. ఒకటి బలహీనపడి రెండోది బాగుండవచ్చు కాబట్టి, సినిమా డీవీడీ ఆడినంత మాత్రాన మీ వీసీడీ విషయంలో డ్రైవు నిర్దోషి అనుకోకూడదు.

వేరే డ్రైవు ఎక్కడ దొరుకుతుంది అంటే, పాత డెస్క్‌టాప్ ఉన్న బంధువు ఇంట్లో. ల్యాప్‌టాప్‌లోని పలచటి డ్రైవు వదిలేసిన డిస్కును డెస్క్‌టాప్‌లోని మందపాటి డ్రైవు చదవడం తరచూ జరుగుతుంది. కొనాల్సి వస్తే ద్వారకానగర్ వైపు దుకాణాల్లో యూఎస్‌బీ డ్రైవు అడగండి. ఒక డిస్కు మీ దగ్గర ఉంచుకుని వెళ్లి, అక్కడే చదివించి చూసి కొనండి.

డ్రైవే కనిపించకపోతే

యూఎస్‌బీ డ్రైవు 'టక్ టక్' మని ఆగిపోతున్నా, కాపీ మధ్యలో మాయమవుతున్నా ముందు అనుమానించాల్సింది విద్యుత్తును. యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, యూఎస్‌బీ 3 ఇచ్చేది 900. డిస్కు వేగం అందుకునే క్షణంలో డ్రైవుకు అది చాలకపోవచ్చు. హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్‌కు, డెస్క్‌టాప్ అయితే వెనక వైపు పోర్టుకు పెట్టండి. రెండు యూఎస్‌బీ మొనలున్న తీగ వస్తే రెండూ పెట్టండి.

డ్రైవు విండోస్ పరికరాల జాబితా అయిన డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో ఉండి, 19, 31, 32, 39, 41 వంటి కోడు చూపిస్తే సమస్య సాఫ్ట్‌వేర్‌ది. ఒకప్పటి డిస్కు రికార్డింగ్ ప్రోగ్రామో, డ్రైవును అనుకరించే ప్రోగ్రామో తీసేసినా, విండోస్ అమరికల చిట్టా అయిన రిజిస్ట్రీలో దాని అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అనే పద్దులు మిగిలిపోయి ఉంటాయి. ముందు డివైస్ మేనేజర్‌లో ఆ డ్రైవును అన్ఇన్‌స్టాల్ చేసి కంప్యూటర్‌ను తిరిగి మొదలుపెట్టండి. అప్పటికీ కుదరకపోతే ఆ రెండు పద్దుల్ని తీసేయాలి. రిజిస్ట్రీ తెలియనివారు ఈ పనిని తెలిసినవారితోనే చేయించండి. అవే పేర్లు హార్డ్ డిస్కులకు సంబంధించిన చోట కూడా ఉంటాయి, అక్కడ తీసేస్తే కంప్యూటరే లేవకపోవచ్చు.

డ్రైవు కనిపిస్తున్నా 'వేరే ప్రోగ్రాము వాడుతోంది' అని వస్తే, డిస్కు పెట్టగానే తనంతట తాను తెరుచుకున్న ప్లేయరును మూసి, ఆటోప్లేను ఆపేయండి.

తుడవడం

మెత్తని పొడి నూలుగుడ్డతో, మధ్య రంధ్రం నుంచి అంచు వైపు నేరుగా తుడవండి. గుండ్రంగా తిప్పకూడదు. బూజు ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా వాడవచ్చు. టూత్‌పేస్టు జోలికి వెళ్లకండి. సీడీకి లేబులు వైపు కూడా జాగ్రత్త అవసరం. సమాచారపు పొర ఆ వైపునే, పలచటి వార్నిష్ కింద ఉంటుంది, అక్కడ గీత పడితే ఏ మందూ లేదు. దంపతుల ఫొటో అచ్చేసిన కాగితం అంటించి ఉంటే దాన్ని పీకకండి, దానితోపాటు పొర కూడా ఊడి వస్తుంది. డీవీడీలో సమాచారం రెండు ప్లాస్టిక్ పలకల మధ్య భద్రంగా ఉంటుంది కాబట్టి ఆ భయం తక్కువ.

ఇమేజ్ దించడం

విండోస్‌లో ఇమ్జ్‌బర్న్ ఇప్పటికీ నమ్మకంగా పనిచేసే ఉచిత ప్రోగ్రాము. 2013 తర్వాత కొత్త వెర్షన్ రాలేదు, ఈ పనికి దాని అవసరమూ లేదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ప్రతి తెరా చదివి, వెంట రాబోయే అదనపు ప్రోగ్రాములకు టిక్కులు తీసేయండి. డిస్కు నుంచి ఇమేజ్ ఫైలు తయారుచేసే ఎంపికను తీసుకుని, చదివే వేగాన్ని కనిష్ఠానికి తగ్గించండి. వేగం తగ్గితే డిస్కు కంపనం తగ్గుతుంది, లేజరుకు గురి కుదురుతుంది. డీవీడీ అయితే ఐఎస్ఓ, వీసీడీ అయితే బిన్, క్యూ ఫైళ్లు వస్తాయి. వీసీడీ విషయంలో ఆ బిన్ నుంచి వీడియోను ఎంపెగ్ ఫైలుగా వేరుచేయడానికి వీసీడీగేర్ అనే చిన్న ప్రోగ్రాము చాలు.

దోషాల్ని పట్టించుకోకుండా ముందుకు సాగే ఎంపిక కూడా ఇందులో ఉంది. దాన్ని మొదటి ప్రయత్నంలోనే పెట్టకండి. చదవలేని చోట్లు ఎక్కడున్నాయో మీకు తెలియకుండా పోతాయి. వీసీడీకి మాత్రం, వేగం తగ్గించి, డ్రైవు మార్చి చూశాక కూడా ఆగిపోతుంటే, అప్పుడు దాన్ని వాడండి. చదవలేని చోట బొమ్మ క్షణకాలం గళ్లుగళ్లుగా చెదిరి మళ్లీ సర్దుకుంటుంది. మొత్తం పోవడం కంటే అది మేలు.

డీవీడీ మొండికేస్తే: డీడీరెస్క్యూ

మామూలు కాపీ ప్రోగ్రాము చదవలేని చోట ఆగిపోయి, అక్కడే కుస్తీ పడుతుంది. డీడీరెస్క్యూ దారి వేరు. ముందు తేలిగ్గా చదవగలిగినదంతా చదివేసుకుంటుంది, కష్టమైన చోట్లను ఒక మ్యాప్ ఫైలులో రాసుకుని దాటిపోతుంది, తర్వాత తిరిగి వచ్చి వాటి సంగతి చూస్తుంది. దెబ్బతిన్న పెళ్లి డీవీడీకి ఇంతకంటే మంచి ఉచిత సాధనం నాకు తెలియదు.

ఇది లినక్స్ ప్రోగ్రాము. మీ విండోస్‌ను ముట్టుకోకుండా, ఉబుంటు అనే లినక్స్‌ను పెన్‌డ్రైవు మీదికి ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండానే నడపవచ్చు. ఉబుంటులో ప్యాకేజీ పేరుకు ముందు 'జీ' చేరి జీడీడీరెస్క్యూ అని ఉంటుంది, టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీలో, ఇచ్చే ఆదేశం మాత్రం 'జీ' లేకుండా ఉంటుంది. ఈ పేరు మధ్యలో అండర్‌స్కోరుతో ఉన్న ప్రోగ్రాము వేరొకటి, దానితో పొరబడకండి.

మొదటి విడతలో మూడు విషయాలు చెప్పాలి: సెక్టారు పరిమాణం 2048, కష్టమైన చోట్లతో ఇప్పుడు కుస్తీ పట్టవద్దు, ఇమేజ్‌తోపాటు మ్యాప్ ఫైలు రాయి. మొదటిదానికి మైనస్ బి, రెండోదానికి మైనస్ ఎన్ అనే సంకేతాలు, రెండూ చిన్న అక్షరాల్లో. ఆ తర్వాత డ్రైవు పేరు, ఇమేజ్ పేరు, మ్యాప్ పేరు వరుసగా ఇవ్వాలి. డిస్కు డ్రైవు పేరు సాధారణంగా ఎస్ఆర్ సున్నా. వరుస తారుమారైతే ప్రమాదం, ఎంటర్ నొక్కే ముందు రెండుసార్లు చదువుకోండి. ఇమేజ్, మ్యాప్ రెండూ బయటి హార్డ్ డిస్కులో పడేలా చూడండి. పెన్‌డ్రైవు మీద నడిచే ఉబుంటులో దాచినవి కంప్యూటర్ ఆపగానే పోతాయి.

రెండో విడతలో మైనస్ ఎన్ తీసేసి, నేరుగా చదివేందుకు మైనస్ డి, మూడుసార్లు ప్రయత్నించేందుకు మైనస్ ఆర్ 3 చేర్చండి. ఇమేజ్, మ్యాప్ పేర్లు పాతవే ఉండాలి. అప్పుడే మిగిలిన చోట్లను మాత్రమే చదువుతుంది. మధ్యలో కరెంటు పోయినా భయం లేదు, అదే ఆదేశం మళ్లీ ఇస్తే ఆగిన చోటు నుంచి అందుకుంటుంది.

దీని అసలు బలం తర్వాతి అడుగులో ఉంది. మిగిలిపోయిన చోట్లు ఉంటే డిస్కు, హార్డ్ డిస్కు రెండూ పట్టుకుని ఇంకో డ్రైవున్న కంప్యూటర్ దగ్గరికి వెళ్లి, అదే మ్యాప్‌తో కొనసాగించండి. ఒక డ్రైవు చదవలేనిదాన్ని మరొకటి చదువుతుంది. ఇద్దరు ముగ్గురు బంధువుల ఇళ్లలోని డ్రైవులు కలిసి ఒకే ఇమేజ్‌ను పూర్తిచేయగలవు. చివరికి పది, ఇరవై సెక్టార్లు మిగిలిపోయినా దిగులు పడకండి. ఒక్కో సెక్టారు 2 కేబీ మాత్రమే. తలంబ్రాల మధ్యలో ఒక్క క్షణం బొమ్మ చెదురుతుంది, అంతే. మిగిలినవి డిస్కు మొదట్లో ఉంటే మాత్రం ఫోల్డర్ల పట్టిక దెబ్బతిని ఇమేజ్ తెరుచుకోకపోవచ్చు. ఐఎఫ్‌ఓ ఫైలు పాడైతే దాని నకలు బీయూపీ పేరుతో డిస్కులోనే వేరే చోట ఉంటుంది. దాన్ని కాపీ చేసి పేరు చివర మార్చితే పని నడుస్తుంది.

ఈ పద్ధతి వీసీడీకి పనికిరాదు. కారణం పైన చెప్పుకున్న సెక్టారు లెక్కే.

డిస్కు ఖాళీ అంటుంటే

వెనక వైపు రంగు తేడాతో రాత కనిపిస్తూ ఉన్నా కంప్యూటర్ ఖాళీ డిస్కు అంటోందా? ఇంట్లో డీవీడీ రికార్డరుతోనో, 8 సెంటీమీటర్ల చిన్న డిస్కులు వాడే క్యామ్‌కార్డరుతోనో తీసినదైతే, చివర్లో చేయాల్సిన ఫైనలైజ్ పని చేయకుండా వదిలేసి ఉంటారు. ఆ పరికరం ఇంకా ఉంటే అందులోనే పెట్టి ఫైనలైజ్ చేయండి. లేకపోతే ఐసోబస్టర్ వంటి ప్రోగ్రాము అలాంటి డిస్కుల్ని చదవగలదు. విండోస్ 'ఫార్మాట్ చేయాలా?' అని అడిగితే వద్దనే చెప్పండి. ఆ చిన్న డిస్కును సన్నని చీలికలోకి లాక్కునే డ్రైవుల్లో పెట్టకూడదు, ఇరుక్కుపోతుంది.

తాళం, రీజియన్

దుకాణంలో కొన్న సినిమా డీవీడీల్లో చాలావాటికి కాపీ తాళం ఉంటుంది. 'స్క్రాంబుల్డ్ సెక్టార్' అనే మాటతో దోషం వస్తే అది డిస్కు లోపం కాదు, ప్రోగ్రాము లోపమూ కాదు. తాళం తన పని చేస్తోంది. మన 1957 నాటి కాపీరైట్ చట్టానికి 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ ప్రకారం, హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి రక్షణను ఛేదిస్తే రెండేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు. ఆ డిస్కుల్ని ఆడించి చూసుకోండి, ఈ మార్గదర్శి వాటికోసం కాదు.

అమెరికాలోని పిల్లలు తెచ్చిన సినిమా డిస్కు పెట్టినప్పుడు రీజియన్ మార్చమని విండోస్ అడుగుతుంది. భారతదేశం రీజియన్ 5, అమెరికా రీజియన్ 1. డ్రైవులో ఈ మార్పు 5 సార్లే కుదురుతుంది, ఆపైన చివరిదే శాశ్వతం. పెళ్లి డిస్కులకు ఈ గొడవ ఉండదు.

మార్పిడిలో వచ్చే తేడాలు

డీవీడీ ఐఎస్ఓను విండోస్‌లో రెండుసార్లు నొక్కితే డిస్కులా తెరుచుకుంటుంది. ఫోన్లకు, టీవీకి సరిపడే ఫైలు కావాలంటే హ్యాండ్‌బ్రేక్ అనే మార్పిడి ప్రోగ్రాములో ఆ ఇమేజ్‌ను ఇవ్వండి. నాణ్యత సంఖ్య 18 నుంచి 22 మధ్య ఉంచితే పాత వీడియోలకు సరిపోతుంది. సంఖ్య తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది. ఇక్కడ వచ్చే ఫిర్యాదులు దాదాపు ఇవే.

కదిలే చేతుల అంచుల్లో దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తే, ఆ వీడియో సరి, బేసి గీతలుగా విడదీసి తీసినది. ఫిల్టర్లలో డీఇంటర్‌లేస్ ఎంపిక పెట్టి మళ్లీ మార్చండి. మనుషులు పొట్టిగా లావుగా, లేదా సన్నగా పొడుగ్గా కనిపిస్తే, 720, 576 బిందువుల చట్రాన్ని తెర కొలతకు సాగదీయడంలో తేడా వచ్చింది. బిందువుల నిష్పత్తి అమరికను చేత్తో మార్చి ఉంటే తిరిగి ఆటోమేటిక్‌కు పెట్టండి.

మంత్రాలు ముందు వినిపించి పెదవులు తర్వాత కదులుతున్నాయంటే, వీఓబీ ఫైళ్లను విడివిడిగా తీసుకుని అతికించి ఉంటారు. డీవీడీ వీడియోను 1 జీబీ ముక్కలుగా కోసి పెడతారు, వాటి కాలసూచికలు అన్నిచోట్లా వరుసగా ఉండవు. ముక్కల్ని కాదు, మొత్తం ఇమేజ్‌నో వీడియో టీఎస్ ఫోల్డరునో ఇవ్వండి. అప్పుడు ఐఎఫ్‌ఓ చెప్పే వరుసలో చదువుతుంది.

అప్పగింతల దాకా రాకుండా వీడియో ముగిసిపోతే, డిస్కులో ఒకటికి మించి టైటిళ్లు ఉన్నాయేమో చూడండి. హ్యాండ్‌బ్రేక్ మొదట ఒక్కదాన్నే ఎంచుకుని చూపిస్తుంది. స్నాతకం ఒక టైటిల్, ముహూర్తం ఒకటి, రిసెప్షన్ మరొకటిగా స్టూడియోలు విడగొట్టడం మామూలే. అన్నింటినీ వరుసలో చేర్చి మార్చండి. చాలా చిన్న ముక్కల్ని అది అసలు చూపించదు, అవసరమైతే కనిష్ఠ నిడివిని అమరికల్లో తగ్గించవచ్చు.

వీసీడీ నుంచి తీసిన ఎంపెగ్‌ను మాత్రం మార్చకుండా అలాగే దాచమంటాను. 352, 288 బిందువుల బొమ్మను మళ్లీ కుదిస్తే ఉన్న కాస్త వివరమూ పోతుంది. వీఎల్‌సీ ప్లేయరు దాన్ని నేరుగా ఆడిస్తుంది.

దాచడం

పెన్‌డ్రైవులోకి వేస్తుంటే 'ఫైలు చాలా పెద్దది' అని వస్తే చోటు లేక కాదు. ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవు 4 జీబీకి మించిన ఒక్క ఫైలును పట్టదు. లోపల ఉన్నవి వేరేచోట దాచి, ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చండి. 4.7 జీబీ డిస్కు నిండా ఉన్నా విండోస్ 4.38 అనే చూపిస్తుంది. లెక్కపెట్టే పద్ధతిలో తేడా అది, కాపీలో ఏదీ తగ్గలేదు.

ఇమేజ్ పూర్తయిన వెంటనే విండోస్‌లోని సర్ట్‌యుటిల్ ఆదేశంతో ఫైలుకు వేలిముద్ర లాంటి దాని ఎస్‌హెచ్ఏ256 సంఖ్యను తీసి, ఒక టెక్స్ట్ ఫైలులో రాసి పక్కనే ఉంచండి. ఎప్పుడు ఎక్కడికి కాపీ చేసినా ఆ సంఖ్య సరిపోతే ఒక్క బిట్టు కూడా మారలేదని నిశ్చయం.

కాపీలు మూడు ఉండాలి, కనీసం రెండు వేర్వేరు పరికరాల మీద, వాటిలో ఒకటి వేరే ఊళ్లో. ఈ చివరి షరతును విశాఖవాసులు తేలిగ్గా తీసుకోకూడదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను నేరుగా మన నగరం మీదే తీరం దాటింది. కిటికీ అద్దాలు పగిలి వాన లోపలికి కొట్టిన ఇంట్లో, డిస్కూ దాని కాపీ ఉన్న హార్డ్ డిస్కూ ఒకే బీరువాలో ఉంటే రెండూ ఒకేసారి తడుస్తాయి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే అబ్బాయి దగ్గరో, బెంగళూరులోని చెల్లెలి దగ్గరో ఒక హార్డ్ డిస్కు ఉంచండి. సంక్రాంతికి వాళ్లు వచ్చినప్పుడు దాన్ని తెప్పించి, సంఖ్యలు సరిచూసి, కొత్తగా దించినవి చేర్చి తిరిగి పంపండి.

అసలు డిస్కును పారేయవద్దు. కాగితపు కవరులోంచి తీసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో నిలబెట్టి, గోడకు ఆనని అరలో పెట్టండి. చదవలేని సెక్టార్లు మిగిలి ఉంటే మ్యాప్ ఫైలును కూడా ఇమేజ్ పక్కనే ఉంచండి. ఇంకో మంచి డ్రైవు ఎప్పుడు చేతికి వచ్చినా అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టవచ్చు.